సైన్ పాఠంలో జ్యాకు చోటివ్వండి

రెండు తెలుగు రాష్ట్రాల గణిత పాఠ్యపుస్తకాల రచయితలకు, అనువాదకులకు, సంపాదకులకు,

నమస్కారం.

ఉన్నత పాఠశాలలో గణితం చెప్పే ఉపాధ్యాయుడిగా మిమ్మల్ని ఒక్క పేజీ అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. పదో తరగతి త్రికోణమితి పాఠం మొదట్లోనే ఆ పేజీ కావాలి. అందులో ఒక వృత్తం ఉండాలి, ఒక జ్యా ఉండాలి, ఆ జ్యాలో సగం ముదురు గీతతో కనిపించాలి. సైన్ అనే మాట ఎక్కడ పుట్టిందో, ఏయే భాషలు తిరిగి మన పిల్లల నోటుపుస్తకాల్లోకి వచ్చిందో ఆ బొమ్మ పక్కన చెప్పాలి.

మన పిల్లలు తొమ్మిదో తరగతిలో వృత్తాల పాఠం చదువుతారు. వృత్తం మీద రెండు బిందువులను కలిపే రేఖాఖండం జ్యా అని, ఆ బిందువుల మధ్య ఉన్న పరిధి భాగం చాపం అని నేర్చుకుంటారు. కేంద్రం నుంచి జ్యాకు గీసిన లంబం దాన్ని సమద్విఖండన చేస్తుందని నిరూపిస్తారు. ఏడాది తిరిగేసరికి పదో తరగతిలో సైన్ వస్తుంది. లంబకోణ త్రిభుజంలో ఎదుటి భుజాన్ని కర్ణంతో భాగిస్తే వచ్చేది సైన్. ఎందుకు భాగించాలి, ఆ పేరు ఎందుకు వచ్చింది అని అడిగే పిల్లలు ప్రతి తరగతిలో ఒకరిద్దరైనా ఉంటారు. వాళ్లకు పుస్తకంలో జవాబు దొరకదు. కొన్ని పుస్తకాల్లో పాఠం పక్కన చిన్న పెట్టె కట్టి ఆర్యభటుడి పేరు, అర్ధజ్యా అనే మాట ఇచ్చారు. అందుకు సంతోషమే. అయితే ఆ పెట్టెలో బొమ్మ లేదు. నిరుడు చదివిన జ్యా, ఈ అర్ధజ్యాలోని జ్యా ఒకటేనన్న ముక్క కూడా లేదు. పరీక్షలో రాదు కాబట్టి చాలా తరగతి గదుల్లో ఆ పెట్టెను దాటేసి ముందుకు వెళ్లిపోతారు.

తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలకు ప్రపంచంలో చాలామందికి లేని వసతి ఒకటి ఉంది. పదిహేను వందల ఏళ్ల కిందట ఆర్యభటుడు వాడిన మాట వాళ్ల పుస్తకంలో చెక్కుచెదరకుండా ఉంది. లండనులో చదివే పిల్లవాడికి సైన్ అన్న మాట లోపల ఏమీ కనిపించదు. మన పిల్లలకు జ్యా కనిపిస్తుంది. ఆ కనిపించేదాన్ని ఇటు ఒక పాఠంలోనూ అటు ఒక పాఠంలోనూ పెట్టి మధ్య దారి మూసేశాం.

జ్యా అంటే వింటినారి. చాపం అంటే విల్లు. శివుడి చాపం, ఇంద్రచాపం అన్న మాటలు వినని తెలుగు పిల్లలు ఉండరు. వృత్తంలో ఒక ముక్కను విల్లు అనుకుంటే, దాని రెండు కొనలనూ కలిపే తాడు జ్యా. ఆ తాడు నడిమి బిందువు నుంచి వింటి నడుము దాకా ఉండే చిన్న గీత శరం, అంటే బాణం. మన ప్రాచీనులు వృత్తఖండం మొత్తాన్ని ఎక్కుపెట్టిన విల్లుగా చూశారు. వింటి కొనకు వాళ్లు పెట్టిన పేరు కోటి. ఇప్పుడు మనకు కోటి అంటే వంద లక్షలే గుర్తుకొస్తుంది కానీ, అమరకోశంలో వింటి కొన అన్న అర్థం భద్రంగా ఉంది. లంబకోణ త్రిభుజంలో భుజం, కోటి, కర్ణం అని మూడు పేర్లు చెప్పేవారు. భుజం, కర్ణం నేటి పాఠ్యపుస్తకాల్లో మిగిలాయి. కోటి జారిపోయింది.

వింటినారికి అమరకోశం ఇచ్చే పేర్లు నాలుగు: మౌర్వీ జ్యా శింజినీ గుణః. ఖగోళ గణితం శ్లోకాల్లో రాసినవారు ఛందస్సుకు ఏది కుదిరితే అది వాడుకున్నారు. జీవా అనే రూపం కూడా వాడారు. ఆ వరుసలో చివరి మాట గుణం ఎన్ని వేషాలు వేసిందో చూడండి. గుణం అంటే తాడు, తాటిలోని పేట. రెండు పేటలు పేనితే ద్విగుణం, మూడు పేనితే త్రిగుణం. అక్కడి నుంచే రెట్లు అన్న అర్థం, గుణకారం అన్న మాట వచ్చాయి. మంచి గుణం, చెడ్డ గుణం అనేటప్పుడు వాడేదీ ఆ మాటే. తెలుగువాళ్లు పంచాంగం గుణిస్తారు, అక్షరాలకు గుణింతం నేర్పుతారు. మూడో తరగతి పిల్లవాడు చేసే గుణకారం పేరులోనూ పదో తరగతిలోని సైన్ పేరు వెనుకా ఒకే తాడు ఉందని చెబితే తరగతి గది ఎలా మేల్కొంటుందో నేను చూశాను.

పేరు సంగతి పక్కన పెట్టి పని సంగతికి వస్తాను. ఉపాధ్యాయులు ఒక్కసారి నల్లబల్ల మీద ఈ బొమ్మ గీయించి చూడాలని నా కోరిక. అయిదు సెంటీమీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీయండి. కేంద్రం నుంచి కుడివైపుకు అడ్డంగా ఒక వ్యాసార్థం గీయండి. దానికి పైన 30 డిగ్రీలకు ఒక వ్యాసార్థం, కింద 30 డిగ్రీలకు ఇంకొకటి గీయండి. పై కొననూ కింది కొననూ కలిపితే నిలువుగా ఒక జ్యా వస్తుంది. కేంద్రం దగ్గర కోణం 60 డిగ్రీలు, రెండు పక్కలా ఉన్నవి సమానమైన వ్యాసార్థాలు, కాబట్టి అది సమబాహు త్రిభుజం. అంటే జ్యా పొడవు కూడా అయిదు సెంటీమీటర్లే. అడ్డంగా ఉన్న వ్యాసార్థం దాన్ని సరిగ్గా సగానికి కోస్తుంది. ఆ సగం రెండున్నర. రెండున్నరను అయిదుతో భాగిస్తే సగం. సైన్ 30 విలువ ఎందుకు సగమయిందో పిల్లలు స్కేలుతో కొలిచి చూశారు. పట్టిక బట్టీ పట్టాల్సిన అవసరం ఆ క్షణంలో తీరిపోతుంది. కోణాన్ని 45కు, 60కి పెంచుకుంటూ పోతే జ్యా ఎలా సాగుతుందో, 90 దగ్గర వ్యాసమై ఎలా ఆగుతుందో కళ్ల ముందే తెలుస్తుంది. సైన్ ఒకటిని ఎందుకు దాటదని వేరుగా చెప్పాల్సిన పని ఉండదు.

ఇందులో నేను కల్పించినదేమీ లేదు. 499లో, ఇరవై మూడేళ్ల వయసులో ఆర్యభటుడు కూర్చిన ఆర్యభటీయం గణితపాదంలో ఈ మాట ఉంది: పరిధేః షడ్భాగజ్యా విష్కమ్భార్ధేన సా తుల్యా. పరిధిలో ఆరో భాగానికి చెందిన జ్యా వ్యాసార్థానికి సమానం అని అర్థం. ఇక్కడ జ్యా అంటే మన తొమ్మిదో తరగతి పుస్తకంలోని పూర్తి జ్యాయే. అదే గ్రంథం గీతికాపాదంలో ఇరవై నాలుగు అంకెలను అక్షరాల్లో దాచిన ఒక శ్లోకం ఉంది. మఖి భఖి ఫఖి ధఖి అని మొదలై కలార్ధజ్యాః అని ముగుస్తుంది. అర్థం లేని శబ్దాల్లా వినిపించే ఆ అక్షరాలన్నీ అంకెలే. మ అంటే 25, ఖి అంటే 200, కలిపితే 225. తరువాతవి 224, 222, 219. చివరి రెండు అక్షరాలు ఫ, ఛ అంటే 22, 7. ఇవి వరుస అర్ధజ్యాల మధ్య తేడాలు. 90 డిగ్రీలను ఇరవై నాలుగు సమభాగాలు చేస్తే ఒక్కొక్కటి 3 డిగ్రీల 45 నిమిషాలు, అంటే 225 నిమిషాలు. ఆ నిమిషాలనే అప్పట్లో కలలు అనేవారు. మొత్తం పరిధి 21,600 కలలు కాబట్టి వ్యాసార్థం 3438 కలలుగా తీసుకున్నారు.

ఇప్పుడు పిల్లల చేత కూడించండి. తేడాలను మొదటి నుంచి ఎనిమిది కలిపితే 1719 వస్తుంది. ఎనిమిదో చోటు అంటే 30 డిగ్రీలు. 1719 సరిగ్గా 3438లో సగం! పన్నెండు కలిపితే 2431. అది 45 డిగ్రీల చోటు. 2431ని 3438తో భాగిస్తే 0.7071 వస్తుంది. ఇరవై నాలుగూ కలిపితే 3438, అంటే 90 డిగ్రీల దగ్గర పూర్తి వ్యాసార్థం. కూడిక, భాగహారం తప్ప మరేమీ రాని పిల్లవాడు కూడా ఒక పీరియడులో ఆ శ్లోకం లెక్క సరిచూడగలడు. ఇంటర్మీడియట్ పుస్తకం రాసేవారికి ఇందులో ఇంకో కానుక ఉంది. మొదటి చాపం 225 కలలు, దాని అర్ధజ్యా కూడా 225 కలలే. కోణం చిన్నదైతే విల్లూ నారీ దాదాపు కలిసిపోతాయన్నమాట. అవధుల పాఠంలో సైన్ ఎక్స్‌ను ఎక్స్‌తో భాగిస్తే అవధి ఒకటి అని చెప్పేటప్పుడు ఈ రెండు 225లను చూపిస్తే చాలు.

సగం జ్యా ఎందుకన్నది కూడా చెప్పాలి. గ్రీకులు అంతకు ముందే జ్యాలను లెక్కించారు. 2వ శతాబ్దంలో టాలెమీ అరడిగ్రీ చొప్పున పూర్తి జ్యాల పట్టిక వేశాడు. కానీ త్రిభుజంలో పని చేయాలంటే ప్రతిసారీ కోణాన్ని రెట్టింపు చేసి, జ్యాను సగం చేయాలి. భారతీయ గణకులు ఆ సగాన్నే పట్టికకు ఎక్కించారు. చూడటానికి చిన్న మార్పే. లెక్క చేసేవారికి మాత్రం ప్రతి అడుగులోనూ శ్రమ తగ్గింది. అర్ధజ్యా అని ప్రతిసారీ అనడం కష్టమై క్రమంగా జ్యా అనే అనేశారు. అందుకే ఆర్యభటీయంలోనే జ్యా ఒకచోట పూర్తి తాడు, ఇంకోచోట అర్ధజ్యాగా సగం తాడు. ఈ రెండర్థాల్లో మొదటిది మన తొమ్మిదో తరగతికి, రెండోది లోకం మొత్తం తిరిగి పదో తరగతికి చేరాయి.

ఆ తిరగడం సంగతి. 8వ శతాబ్దంలో, ఖలీఫా అల్ మన్సూర్ కాలంలో, భారతీయ ఖగోళ గ్రంథం బాగ్దాదులో అరబ్బీలోకి వెళ్లింది. జీవా అనే మాటను అక్కడివారు అనువదించకుండా ధ్వనినే తీసుకున్నారు. అక్కడివారి నోట అది జీబ అయింది. ఆ భాషలో హ్రస్వ అచ్చులు సాధారణంగా రాయరు. జీమ్, యా, బా అనే మూడు అక్షరాలు మాత్రమే కాగితం మీద ఉంటాయి. ఆ మూడింటినీ జీబ అని చదివితే అరబ్బీలో అర్థం లేదు. జైబ్ అని చదివితే ఉంది. అంగీకి ఛాతీ దగ్గర ఉండే తెరపి, వస్త్రపు మడత, సంచి లాంటి అర. అర్థమున్న మాటే నిలిచింది. ఈనాటికీ అరబ్బీ పాఠ్యపుస్తకాల్లో సైన్ పేరు జైబే.

ఆ జైబ్ మనకు తెలియని మాట కాదు. పారశీకం, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చిన జేబు అదే. జేబురుమాలు, జేబుదొంగ అనేటప్పుడు మనం పలికేది సైన్‌కు అరబ్బులు ఇచ్చిన పేరునే. జీవా నుంచి జేబు పుట్టిందని మాత్రం రాయకండి. జేబు పూర్తిగా అరబ్బీ మాట. రాతలో పోలిక వల్ల జీవా వెళ్లి ఆ మాటలో కలిసిపోయింది.

12వ శతాబ్దంలో స్పెయిన్‌లో అరబ్బీ గ్రంథాలను లాటిన్‌లోకి మార్చినవారు జైబ్‌ను తమ భాషలోకి తెచ్చుకున్నారు. వస్త్రపు మడతకు, ఎదకు, ఒంపుకు లాటిన్‌లో సైనస్ అంటారు. రోమనులు ఒంటికి చుట్టుకునే బట్టలో ఎద దగ్గర ఏర్పడే మడత అది. వస్తువులు అందులో వేసుకునేవారు. తెలుగులో దానికి దగ్గరి మాట ఒడి. మన అమ్మలు పూలో పళ్లో వేసుకునే ఒడి. సైనస్ కుదించుకుని ఇంగ్లీషులో సైన్ అయింది.

లాటిన్‌లో ఆ ఒక్క మాట ఎన్ని చోట్లకు పాకిందో చూస్తే నాకు ఆశ్చర్యం తీరదు. ముఖం ఎముకల్లో ఉండే బోలు గదులకు వైద్యులు పెట్టిన పేరు సైనస్. జలుబు చేసి తల బరువెక్కితే సైనస్ అంటూ మనమంతా చెప్పుకునే బాధ అదే. సముద్రం నేల లోపలికి ఒంపు తిరిగిన చోటు కూడా సైనస్. టాలెమీ భూగోళాన్ని అనుసరించి గీసిన పాత లాటిన్ పటాల్లో మన కోస్తా ముందున్న బంగాళాఖాతం పేరు సైనస్ గాంజెటికస్, అంటే గంగా అఖాతం. చందమామ మీద కూడా సైనస్‌లు ఉన్నాయి. వాటిలో ఒకటి సైనస్ ఇరిడమ్, ఇంద్రధనుస్సుల అఖాతం. ఎక్కడో విడిపోయిన విల్లూ సైనూ చంద్రుడి మీద ఒకే పేరులో పక్కపక్కన నిలబడ్డాయి. కాకతాళీయమే అయినా పిల్లలకు చెప్పదగిన ముచ్చట.

ఈ కథను పొరపాటు కథగా చెప్పి అనువాదకులను చిన్నబుచ్చే అలవాటు ఒకటి ఉంది. దయచేసి ఆ దారిలో వెళ్లకండి. పేరు మారినా గణితం ఎక్కడా చెదరలేదు. అరబ్బీ గణితజ్ఞులు ఆ పట్టికలను ఎంతో సూక్ష్మం చేశారు. 1543లో అచ్చయిన గ్రంథంలో కోపర్నికస్ సైనస్ అనే పేరు జోలికి వెళ్లకుండా రెట్టింపు చాపపు జ్యాలో సగం అని విడమరచి రాశాడు. అది ఆర్యభటుడి అర్ధజ్యాకు సరిగ్గా సరిపోతుంది.

ఇంకో జాగ్రత్త కూడా అవసరం. కొసైన్ అనే పేరు కోటిజ్యా నుంచి వచ్చిందని ఫోనుల్లో తిరిగే సందేశాలు చెబుతాయి. అది నిజం కాదు. పూరక కోణపు సైన్ అనే లాటిన్ పదబంధాన్ని 1620లో ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లీషు గణితజ్ఞుడు కుదించి కో సైనస్ అన్నాడు. కో అనే అక్షరం రెండింటిలోనూ ఉండటం యాదృచ్ఛికం. భావం మాత్రం ఒకటే, కోటిజ్యా కూడా పూరక కోణపు జ్యాయే. ఆ పోలిక చాలు మనకు. లేని చుట్టరికం కలిపితే ఉన్న చుట్టరికం మీద కూడా నమ్మకం పోతుంది. అలాగే ట్యాన్‌జెంట్, సీకెంట్ అనే పేర్లు 1583లో డెన్మార్కు గణితజ్ఞుడు తోమస్ ఫింకె పెట్టినవి. తాకేది, కోసేది అని వాటి అర్థం. స్పర్శరేఖ, ఛేదనరేఖ అని మనం వృత్తాల పాఠంలో చెప్పేవి అవే. ఆ సంబంధం కూడా ఒక్క వాక్యంలో చెబితే త్రికోణమితి మొత్తం మళ్లీ వృత్తంలోకి వచ్చి కూర్చుంటుంది.

మరి భాగహారం ఎప్పుడు వచ్చింది? ఆర్యభటుడి జ్యా పొడవు, నిష్పత్తి కాదు. 1551లో రెటికస్ అనే గణితజ్ఞుడు వృత్తాన్ని పక్కకు పెట్టి లంబకోణ త్రిభుజం నుంచే ఈ విలువలు చూపించాడు. 1748లో గణితజ్ఞుడు ఆయిలర్ వ్యాసార్థాన్ని ఒకటి చేశాడు. వ్యాసార్థం ఒకటి అయితే సగం జ్యా పొడవే సైన్. వేరే వ్యాసార్థమైతే దానితో భాగించాలి. ఎదుటి భుజం బై కర్ణం అన్న సూత్రానికి అర్థం ఇంతే: సగం జ్యా బై వ్యాసార్థం. కర్ణం అంటే వ్యాసార్థమని బొమ్మలో కనిపించాక సైన్ విలువకు సెంటీమీటర్లు ఎందుకు రాయకూడదో ఎవరూ అడగరు. పూర్వపు వరసలో పాఠం నడిపితే పొడవు ముందు, నిష్పత్తి తరువాత వస్తాయి. మనం తిరగేసి చెబుతున్నాం. పిల్లలు తడబడేది సరిగ్గా అక్కడే.

సైన్ అనే మాట తీసేసి జ్యా అని పెట్టమని నేను అడగడం లేదు. పై చదువుల్లో, కాలిక్యులేటర్ మీద, ప్రపంచమంతా అదే మాట ఉంది, అది ఉండాలి. తెలుగు మాధ్యమం నుంచి ఇంగ్లీషుకు మారిన పిల్లల కోసం కూడా ఈ పేజీ కావాలి. రెండు భాషలూ పక్కపక్కన అచ్చయ్యే పుస్తకాల్లో ఎడమ పేజీలో కార్డ్, కుడి పేజీలో జ్యా ఉంటాయి కదా. అక్కడే ఈ కథకు సహజంగా చోటు ఉంది.

గణితాన్ని తెలుగులో చెప్పడం మనకు కొత్త విద్య కాదు. మహావీరాచార్యుల గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చి శతాబ్దాలు గడిచాయి. ఆయన వారసత్వం మీ చేతుల్లో ఉంది. మీ బల్ల మీద దిద్దే ప్రతి ప్రతినీ లక్షలాది పిల్లలు తెరుస్తారు.

రాసేటప్పుడు మూడు విషయాలు దృష్టిలో ఉంచుకోవాలని మనవి. ఈ పేజీ నుంచి పరీక్షలో ప్రశ్న ఇవ్వకండి. ఆర్యభటుడు పుట్టిన సంవత్సరమెంత అని రెండు మార్కులకు అడిగిన రోజు ఇది మళ్లీ బట్టీ పాఠమవుతుంది. ఉపాధ్యాయుల కరదీపికలో 225తో మొదలయ్యే ఇరవై నాలుగు అంకెలనూ పూర్తిగా అచ్చు వేయండి, తరగతిలో కూడించడానికి పనికొస్తాయి. బొమ్మలో విల్లును పైకి చూసే గొడుగులా గీయకండి. విలుకాడు పట్టుకున్నట్టు నిలువుగా ఉండాలి, శరం కుడివైపుకు చూడాలి. అలా ఉంటేనే కోణం అడ్డగీత నుంచి మొదలవుతుంది, సగం జ్యా నిలువుగా నిలబడుతుంది, పక్క పేజీలోని లంబకోణ త్రిభుజం అందులో సరిగ్గా అతుకుతుంది.

ఇట్లు,
ఒక గణిత ఉపాధ్యాయుడు